పన్నెండో నెలలో ఎంతమంది మిగిలారు?

మొన్న నవంబరులో నా క్లాస్‌మేట్ ఒకడు ఫోన్ చేసి, "ఒరేయ్, ఒక ప్రపోజల్ పంపిస్తున్నా, బడ్జెట్ కాగితం ఒక్కసారి చూసిపెట్టు" అన్నాడు. వాడు గుంటూరులో చిన్న ట్రస్టు నడుపుతున్నాడు. నేను అకౌంట్స్ మనిషిని. పదకొండేళ్లుగా ఇలాంటి రెండు మూడు స్వచ్ఛంద సంస్థల పద్దులు రాసిపెడుతున్నాను. పేద దేశాల్లో షుగర్ వ్యాధి మీద పనిచేసేవాళ్లకు విదేశాల్లోని ఒక ఫౌండేషన్ డబ్బిస్తుందని తెలిసి, మిర్చి యార్డు కార్మికుల కోసం దరఖాస్తు పెడుతున్నాడు.

బ్రాడీపేటలో మా డాబా మీద కూర్చుని ఆ రాత్రే చదివాను. కూడికలన్నీ సరిపోయాయి. కానీ చదివాక మనసు కుదురుగా లేదు. మూడేళ్ల బడ్జెట్‌లో ముప్పాతిక వంతు క్యాంపులకే. టెంట్లు, బ్యానర్లు, షుగర్ మిషన్లు, కరపత్రాలు, ప్రారంభ సభ, ముగింపు సభ. క్యాంపులో షుగర్ ఉందని తేలిన మనిషి మర్నాటి నుంచి ఏం చేయాలన్నదానికి ఒకే ఒక్క వరుస ఉంది: "రిఫరల్", అంటే వేరే ఆస్పత్రికి పంపడం. దాని ఎదురుగా డబ్బు గడిలో సున్నా.

ఇందులో మావాడి తప్పు పెద్దగా లేదు. నేను చూసిన దరఖాస్తు ఫారాల్లో చాలావాటిలో మొదటి ప్రశ్న "ఎంతమందికి చేరతారు?" అనే ఉంటుంది. క్యాంపు పెడితే ఆ గడిలో పెద్ద అంకె వేయొచ్చు. ఒక నర్సు సిస్టర్‌ని పెట్టుకుని రెండొందల మందిని మూడేళ్లు కనిపెట్టుకుని ఉంటే అక్కడ పడేది రెండొందలే. నా అభిప్రాయం ఇది: షుగర్ వ్యాధికి డబ్బిచ్చేవాళ్లు మొదటి రోజు ఎంతమందికి పరీక్ష చేశారని అడగడం తగ్గించి, పన్నెండో నెలలో వాళ్లలో ఎంతమంది ఇంకా మందు వాడుతున్నారని అడగాలి. ఆ ప్రశ్న మారితే బడ్జెట్ కాగితం దానంతటదే మారుతుంది.

యార్డులో ఒక రోజు

నాలుగేళ్ల కిందట, వేరే సంస్థ, వేరే దాత. ఫిబ్రవరిలో, సీజన్ మొదలైన రోజుల్లో, యార్డులో క్యాంపు పెట్టారు. ఖర్చుల రసీదులు చూసుకోవడానికి నేనూ వెళ్లాను. ఘాటుకి పరీక్ష చేసే పిల్లలు తుమ్ముతూనే ఉన్నారు. టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, దించిన హమాలీలు భుజం మీద తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ వచ్చి వేలు చాపేవారు. సాయంత్రానికి నాలుగొందల మంది దాటారు.

వాళ్లలో ఒకాయనకు యాభై ఏళ్లుంటాయి. మిషన్‌లో నాలుగొందలకు దగ్గరగా చూపించింది. ఆ పిల్లవాడు, "షుగర్ బాగా ఎక్కువుంది బాబాయ్, డాక్టర్ని కలువు" అని చెప్పి ఒక కరపత్రం చేతిలో పెట్టాడు. ఆయన చదువుకున్నట్టు లేదు, పక్కనే ఉన్న నాకిచ్చి చదవమన్నాడు. అందులో మొదటి సలహా: రోజూ అరగంట నడవండి. "పొద్దున నాలుగింటి నుంచీ టిక్కీలు మోస్తూ తిరుగుతూనే ఉన్నా గదా సార్, ఇంకా నడవాలంటారా?" అనడిగాడు. నాకు ఏం చెప్పాలో తెలియలేదు. "డాక్టర్‌కి ఒకసారి చూపించుకోండి" అన్నాను.

ఏడాది తర్వాత తుది నివేదిక రాయాల్సి వచ్చింది. ఫలితాలు అన్న గడి ఖాళీగా ఉంది. రిజిస్టరు ముందు పెట్టుకుని, షుగర్ ఉందని తేలిన అందరికీ రెండు రోజులు కూర్చుని ఫోన్లు చేశాను. సగం నంబర్లు పనిచేయడం లేదు. చాలామంది తమ ముఠా మేస్త్రి, అంటే కూలీల జట్టు పెద్ద, నంబరే ఇచ్చారు. దొరికినవాళ్లలో మందులు వాడుతున్నామని చెప్పినవాళ్లు చేతి వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది.

ఆ యాభై ఏళ్లాయన నంబరుకి చేస్తే భార్య ఎత్తింది. ఎడమ కాల్లో మేకు దిగిందట. ఆయనకు తెలియలేదు. చెప్పు తడిగా ఉందేమిటని చూసుకుంటే రక్తం. పసుపు పెట్టి కట్టు కట్టుకుని పనికి వెళ్లాడు. వాసన వచ్చేదాకా ఆస్పత్రికి పోలేదు. రెండు వేళ్లు తీసేశారు. బరువు మొయ్యలేక పని మానేశాడు. ఆమె ఏడవలేదు, నన్నేమీ అనలేదు. "ఆ రోజు మీరు ఇచ్చిన కాగితం ఇంట్లోనే ఉంది సార్, దాచాం" అంది.

నివేదికలో నాలుగొందల పైచిలుకు మందికి పరీక్షలు చేశామని రాశాం. దాత చాలా సంతోషించారు. ఆ లెక్కల కింద సంతకం నాది. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. ఆ మాట నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

పరీక్షలు వద్దంటున్నానా?

లేదు. ఇక్కడ నాకు నిజంగానే సందేహం ఉంది. అంతర్జాతీయ డయాబెటిస్ ఫెడరేషన్ 2025 అట్లాస్ ప్రకారం ప్రపంచంలో 58.9 కోట్ల మంది పెద్దలకు ఈ వ్యాధి ఉంది. ప్రతి ఐదుగురిలో నలుగురు పేద, మధ్యాదాయ దేశాల్లోనే ఉన్నారు. పదిమందిలో నలుగురికి పైగా తమకు ఉందనే తెలియదు. 2023లో వచ్చిన ఐసీఎంఆర్ సర్వే మన దేశంలో షుగర్ ఉన్నవాళ్లు 10.1 కోట్లు, షుగర్ వచ్చే అంచున ఉన్నవాళ్లు 13.6 కోట్లు అని తేల్చింది. ఇంతమందికి తెలియకపోతే ఎవరో ఒకరు వెళ్లి వేలు గుచ్చి చెప్పాలి కదా? మా అమ్మకి షుగర్ ఉందని తెలిసిందే ఇరవై ఏళ్ల కిందట లక్ష్మీపురంలో ఎవరో పెట్టిన ఉచిత క్యాంపులో.

కానీ అమ్మకి తెలిశాక ఏం జరిగిందో చూస్తే నా వాదన అర్థమవుతుంది. మర్నాడే నాన్న డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లారు. మందులు, నెలనెలా తినకముందు తిన్న తర్వాత పరీక్షలు, మూడు నెలల షుగర్ టెస్టు, ఏడాదికోసారి కళ్లు, కిడ్నీ పరీక్షలు, మెత్తటి చెప్పులు, ఇంట్లో మిషను, దానికి స్ట్రిప్పులు. ఆ ఖర్చు పద్దు నేనే రాస్తాను. అన్నీ కలిపి సగటున నెలకు రెండు వేలకు తగ్గదు. అందులో మొదటి రోజు పరీక్షకయింది సున్నా, క్యాంపు ఉచితం కాబట్టి. ఆ తర్వాత రెండొందల నలభై నెలల ఖర్చు మాది. అమ్మకి ఇవాళ్టికీ చూపు బాగుంది, కాళ్లు బాగున్నాయి. క్యాంపు పనికొచ్చింది ఆ నెలలన్నీ భరించే ఇల్లు వెనక ఉండబట్టే. ముఠా పని చేసే ఇంట్లో ఆ నెలల్ని భరించేది ఎవరు?

ప్రభుత్వం భరిస్తుంది కదా అంటారు. కొంతవరకు నిజం. షుగర్ బిళ్లలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఉచితంగా ఇస్తారు. మెట్‌ఫార్మిన్ బయట కొన్నా చవకే. కానీ కేంద్రం తెరిచేది పగలు, యార్డులో పని దొరికేదీ పగలే. ఓపీ చీటీ కోసం నిలబడితే ఆ పూట కూలి పోతుంది. ముఠాలో వంతు తప్పితే రేపు మేస్త్రి ఇంకొకర్ని పిలుస్తాడు. మందు ఉచితమే, దాన్ని తెచ్చుకోవడానికి మాత్రం ఒక రోజు కూలి. ఇక వేసవిలో యార్డుకి సెలవులిచ్చినప్పుడు చాలామంది ఊళ్లకు వెళ్లిపోతారు. అక్కడితో మందు ఆగిపోతుంది, మళ్లీ వచ్చాక ఎవరూ అడగరు.

చివర్లో మాత్రం డబ్బు కనిపిస్తుంది. కిడ్నీలు పోయి డయాలసిస్ మీద ఉన్నవాళ్లకి మన రాష్ట్రంలో నెలకు 10,000 రూపాయల పింఛను ఉంది. అది ఉండాల్సిందే, ఒక్క రూపాయి కూడా తగ్గించకూడదు. అయితే ఆ స్థితికి రాకుండా పదేళ్ల ముందు ఒక మనిషి వారానికోసారి సాయంత్రం పూట యార్డు గేటు దగ్గర కూర్చోవడానికి డబ్బు అడిగితే, దానికి ఏ పద్దూ దొరకదు.

హెచ్‌ఐవీకి సాధ్యమైంది

"జీవితాంతం వాడాల్సిన మందులకు దాతలు డబ్బివ్వలేరు" అని చాలాసార్లు విన్నాను. మీటింగుల్లో పెద్దవాళ్లే అన్నారు. ఈ మాట వాస్తవం కాదు. హెచ్‌ఐవీ మందులూ జీవితాంతం వాడాల్సినవే. 2002లో గ్లోబల్ ఫండ్ పుట్టింది, ఎయిడ్స్, క్షయ, మలేరియా కోసం. ప్రపంచ ప్రభుత్వాలు కలిసి అందులో డబ్బు వేశాయి. మన దేశంలో 2004 ఏప్రిల్ నుంచి ప్రభుత్వమే ఉచితంగా ఏఆర్‌టీ మందులు, అంటే హెచ్‌ఐవీని అదుపులో ఉంచే మందులు, ఇవ్వడం మొదలుపెట్టింది. అప్పట్లో హెచ్‌ఐవీ ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో మనది ఒకటి, ఆ రోజుల భయం నా వయసువాళ్లకు గుర్తుండే ఉంటుంది.

ఏఆర్‌టీ కేంద్రంలో బిళ్లలతో పాటు ఇంకొకటి ఇస్తారు. ప్రతి మనిషికీ ఒక కార్డు, ఒక నంబరు, మాట్లాడటానికి ఒక కౌన్సెలర్. రావాల్సిన తేదీకి రాకపోతే రిజిస్టర్లో కనబడుతుంది, ఫోన్ వస్తుంది, ఫోన్ ఎత్తకపోతే మనిషి వెతుక్కుంటూ వస్తారు. అక్కడ పనిచేసిన ఒక కౌన్సెలరమ్మ నాతో అంది, "మాకు మందు అయిపోవడం కన్నా మనిషి తప్పిపోవడం పెద్ద టెన్షన్ అండీ." షుగర్ ఓపీలో నేను చాలాసార్లు కూర్చున్నాను. అక్కడ మనిషి రాకపోతే వరుస కొంచెం తగ్గుతుంది, అంతే. రానివాడి పేరు ఎక్కడా నమోదు కాదు.

అదే 2002లో డెన్మార్క్‌లో వరల్డ్ డయాబెటిస్ ఫౌండేషన్ పుట్టింది. ఇన్సులిన్ తయారుచేసే నోవో నార్డిస్క్ కంపెనీ దాన్ని స్థాపించింది. మావాడు దరఖాస్తు పెట్టింది దానికే. ఒకే ఏడాది రెండు నిధులు: మూడు అంటువ్యాధుల కోసం ప్రభుత్వాలన్నీ కూడి పెట్టింది ఒకటి, షుగర్ కోసం ఒక కంపెనీ పెట్టింది ఇంకొకటి. 2006 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి తీర్మానం చేసి నవంబరు 14ని ప్రపంచ మధుమేహ దినంగా గుర్తించింది. రోజు దొరికింది, దాంతో పాటు గ్లోబల్ ఫండ్ లాంటి నిధి మాత్రం రాలేదు. అంటువ్యాధి సరిహద్దు దాటి తమ దేశానికి వస్తుందన్న భయం డబ్బున్న దేశాలకు ఉంటుంది. గుంటూరు హమాలీ కాలిపుండు ఎక్కడికీ పాకదు. ఈ తేడాకి ఇంతకన్నా పెద్ద కారణం నాకు కనబడదు.

ఇన్సులిన్ అమ్మే కంపెనీ డబ్బుతో పుట్టిన సంస్థ దగ్గర సాయం తీసుకోవచ్చా అని మావాడి ట్రస్టులో ఒక పెద్దాయన గట్టిగా అడ్డుపడ్డారు. ఇన్సులిన్ కనిపెట్టిన బాంటింగ్, ఆయన తోటివాళ్లు 1923లో పేటెంటును టొరంటో విశ్వవిద్యాలయానికి ఒక్కొక్కరు ఒక్క డాలరుకి ఇచ్చేశారని, అలాంటి మందు మీద మూడు కంపెనీలు ప్రపంచ మార్కెట్లో తొంభై శాతానికి పైగా పట్టుకుని కూర్చున్నాయని ఆయన ఆవేదన. ఆ ఆవేదన సరైనదే. అయినా తీసుకోమనే నేనన్నాను. తమిళనాడులో డాక్టర్ శేషయ్య గారి బృందం గర్భిణులకు షుగర్ పరీక్ష చేయడం మీద పనిచేసినప్పుడు దానికి డబ్బిచ్చింది ఆ ఫౌండేషనే. తర్వాత తమిళనాడు ప్రభుత్వం గర్భిణులందరికీ ఆ పరీక్ష పెట్టింది. కేంద్రం కూడా అదే పద్ధతిలో, అంటే తిన్నా తినకపోయినా 75 గ్రాముల గ్లూకోజు తాగించి రెండు గంటలకు చూసే పద్ధతిలో, మార్గదర్శకాలిచ్చింది. దాత డబ్బు వెళ్లిపోయినా పని మిగిలింది. మా షరతు ఒక్కటే ఉండాలి: ఏ మందు రాయాలన్నది డాక్టరూ, రోగి జేబూ నిర్ణయించాలి.

నిలకడ అనే ప్రశ్న

దాతల వైపు నుంచి బలమైన మాట ఒకటుంది. "మూడేళ్ల తర్వాత మేం వెళ్లిపోతాం, అప్పుడు సిస్టర్ జీతం ఎవరిస్తారు?" 2025 జనవరిలో అమెరికా విదేశీ సాయాన్ని ఒక్కసారిగా ఆపేసినప్పుడు ఆఫ్రికా దేశాల్లో హెచ్‌ఐవీ క్లినిక్కులు ఎలా అల్లాడాయో చూశాం. పరాయి డబ్బు మీద రోజువారీ మందు ఆధారపడితే ఎంత ప్రమాదమో ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు. ఇది చదివాక నా వాదన మీద నాకే కొన్నాళ్లు నమ్మకం సడలింది.

చట్టం కూడా ఒకటి ఉంది. విదేశీ విరాళాల చట్టానికి 2020లో చేసిన సవరణ తర్వాత ఆ విరాళాల్లో ఆఫీసు ఖర్చుల పరిమితి 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గింది. వచ్చిన డబ్బును ఇంకో సంస్థకు ఇవ్వడానికి వీల్లేదు. ఇంతకుముందు పెద్ద సంస్థ తీసుకుని చిన్న ట్రస్టుకి కొంత పంచేది. ఇప్పుడా దారి మూసుకుపోయింది. సిస్టర్ జీతం పని ఖర్చు కిందే వస్తుందని వాదించొచ్చు. ఫోన్ చేసి "ఏం బాబాయ్, ఈ వారం రాలేదేం?" అని అడిగే మనిషి జీతం, ఆ రిజిస్టరు రాసే మనిషి జీతం ఏ పద్దు కింద వేయాలన్నది ప్రతి ఆడిట్‌లోనూ తలనొప్పే. టెంటు అద్దెకి ఆ తలనొప్పి లేదు, రసీదు చూపిస్తే చాలు. క్యాంపులు ఎక్కువ కావడానికి ఇదీ కారణం.

అలా ఆలోచించీ ఆలోచించీ నేను తేల్చుకున్నది ఏమిటంటే, మందు డబ్బు దాత దగ్గర తీసుకోకూడదు, మందు ప్రభుత్వానిదే కావాలి. దాత డబ్బు ఆ మందుకీ మనిషికీ మధ్య ఉన్న దూరం మీద పెట్టాలి. సాయంత్రం పూట కేంద్రం, ఫోన్ చేసే మనిషి, ఊరికి వెళ్లేముందు రెండు నెలల మందు కట్టి చేతికివ్వడం. ఇవి పనిచేశాయని ఏడాది లెక్కతో చూపిస్తే ప్రభుత్వం ముందు పెట్టడానికి మన దగ్గర ఏదో ఒకటి ఉంటుంది. క్యాంపు ఫోటోలు పట్టుకెళ్లి ఏ కలెక్టర్ని ఏం అడుగుతాం?

చంద్రుడి మీదికి వెళ్లిన దేశం సాయం ఎందుకు అడగాలి అని కూడా అంటున్నారు. ఆ చర్చలోకి నేను పోను. కాలిపుండు ఉన్నవాడు ఆ చర్చ ముగిసేదాకా ఆగలేడు.

చవకైన పనులు

పాదాల సంగతి కొంచెం ఎక్కువ చెప్పాలి. షుగర్ ముదిరితే కాళ్లకు స్పర్శ పోతుంది. స్పర్శ పోయిన పాదాన్ని ఎలా కాపాడాలో మన దేశం కుష్ఠు వ్యాధి దగ్గర ఎప్పుడో నేర్చుకుంది. వెల్లూరులో డాక్టర్ పాల్ బ్రాండ్ చేసిన పని అదే. ఎంసీఆర్ అనే మెత్తటి రబ్బరు చెప్పులు ముందు కుష్ఠు రోగుల కాళ్లకు వాడారు, ఆ తర్వాత అవి షుగర్ రోగుల దాకా వచ్చాయి. స్పర్శ ఉందో లేదో చూడటానికి సన్నటి నైలాన్ పోగు ఒకటి చాలు. పాదం మీద వంగేదాకా నొక్కి, తెలిసిందా అని అడగడమే. కరెంటు అక్కర్లేదు, స్ట్రిప్పు అక్కర్లేదు. యార్డులో మేకులు, వెదురు పేళ్లు, గోనె సూదులు ఎక్కడ చూసినా ఉంటాయి. అక్కడ చాలామంది పల్చటి రబ్బరు చెప్పులతో, కొందరు ఉత్త కాళ్లతో తిరుగుతారు. మా ప్రపోజల్‌లో బ్యానర్లకు పెట్టిన డబ్బుతో ఎన్ని జతల చెప్పులు వస్తాయో లెక్కేశాను. షుగర్ తేలే ప్రతి మనిషికీ ఒక జత వచ్చి, ఇంకా మిగులుతుంది.

కోల్డ్ స్టోరేజీల దగ్గర మిరపకాయల తొడిమలు తీసే ఆడవాళ్లు ఉంటారు. ఒకామె ఇన్సులిన్ మీద ఉంది. ఉండేది ఒక్క గది, ఫ్రిజ్ లేదు. సిస్టర్ ఒకరు ఆమెకు తడి ఇసుకలో చిన్న కుండ పెట్టి అందులో సీసా దాచడం నేర్పారు. కెన్యాలో దదాబ్ శరణార్థి శిబిరంలోని వేడి కొలిచి, అదే వేడిలో ఇన్సులిన్‌ను పరీక్షించి, 25 నుంచి 37 డిగ్రీల మధ్య నాలుగు వారాలున్నా దాని శక్తి తగ్గలేదని 2021లో జెనీవా విశ్వవిద్యాలయం, సరిహద్దులు లేని వైద్యుల సంస్థ కలిసి చూపించాయి. గుంటూరు ఎండ 45 కూడా దాటుతుంది కాబట్టి మనకి ఆ కుండ తప్పదు. ఆ కుండ ఖరీదు ఏ బడ్జెట్‌లోనూ నేను చూడలేదు.

నివారణ గురించి కరపత్రాల కన్నా చెన్నైలో జరిగిన పరిశోధన మాట నమ్ముతాను. 2006లో వచ్చిన ఇండియన్ డయాబెటిస్ ప్రివెన్షన్ ప్రోగ్రాం ఫలితాల్లో, అంచున ఉన్నవాళ్లకు తిండి, వ్యాయామం విషయంలో విడవకుండా సలహా ఇస్తూ పోతే దాదాపు మూడేళ్లలో షుగర్ వచ్చే అవకాశం 28.5 శాతం తగ్గింది. విడవకుండా అన్నది ఇక్కడ గమనించాలి. ఆ మనుషులతో నెలల తరబడి మాట్లాడుతూనే ఉన్నారు. అన్నం తగ్గించమని ఒక్కసారి చెప్పి వచ్చేస్తే, ముప్పూటలా అన్నం తింటేగానీ టిక్కీ లేవదనే మనిషి ఏం తగ్గిస్తాడు? ఏం తినాలో, అది యార్డు దగ్గర ఏ హోటల్లో ఎంతకి దొరుకుతుందో వాళ్లతో కూర్చుని చూడాలి.

మారిన కాగితం

డిసెంబరంతా మావాడూ నేనూ ఆ బడ్జెట్ మీద పోట్లాడుకున్నాం. "ఇంత చిన్న అంకె వేస్తే మనకివ్వరురా" అని వాడు, "వేసి చూద్దాం" అని నేను. చివరికి ఇరవై నాలుగు క్యాంపులు మూడయ్యాయి. ఇద్దరు సిస్టర్ల జీతం ముప్పై ఆరు నెలలకు వేశాం. వారంలో మూడు సాయంత్రాలు గేటు దగ్గర గది, చెప్పులు, నైలాన్ పోగులు, కుండలు, ఫోన్ రీచార్జి. ఎంతమందికి చేరతారు అన్నచోట ఆరువందలు రాసి, కింద మా అంతట మేమే ఒక వరుస కలిపాం: పన్నెండో నెలలో మిగిలేవారు, ఇరవై నాలుగో నెలలో, ముప్పై ఆరో నెలలో.

సంక్రాంతి అయ్యాక జవాబొచ్చింది. ఇంకా ఒప్పుకోలేదు, కాదనలేదు. ఒక ప్రశ్న అడిగారు: ముప్పై ఏడో నెలలో ఏం చేస్తారు?

సరైన ప్రశ్న. మా దగ్గర సగం జవాబే ఉంది. సిస్టర్లలో ఒకరి జీతాన్ని యార్డు వైపు నుంచి, అంటే వ్యాపారులు, కార్మిక సంఘం కలిసి భరించేలా ఒప్పించగలమేమో అనుకుంటున్నాం. ముఠాకి ఇంత అని టిక్కీ మీద పైసల్లో వేసుకున్నా సరిపోతుందని నేను లెక్క కట్టాను. వాళ్లు ఒప్పుకుంటారో లేదో తెలియదు. ఈ ఆదివారం ఇద్దరు మేస్త్రీలు వస్తామన్నారు. వేళ్లు తీసేసిన ఆయన కూడా వస్తానన్నాడు, తన మాట అయితే వింటారని.